హిరేబెణకల్ కొండ మీద రాతి గదులు, మా మామయ్యగారి చూపు కొలత

బెంగళూరులో ఉండే మన తెలుగువాళ్లలో హంపి చూడనివాళ్లు తక్కువ. అదే తుంగభద్రకు అవతలి గట్టున, గంగావతికి దగ్గర్లో, హంపి కట్టడాల కన్నా పదిహేను వందల ఏళ్లకు పైగా ముందటి సమాధులు కొండ నిండా ఉన్నాయని చెబితే మాత్రం "అదెక్కడ?" అంటారు. ఆ ఊరి పేరు హిరేబెణకల్. మా అపార్ట్‌మెంట్‌లో ఎవరికి చెప్పినా మొదట అడిగింది "అక్కడ రిసార్ట్ ఉందా?" అనే. లేదు. టీ కొట్టు కూడా లేదు.

నాకు ఆ కొండ సంగతి తెలియడానికి కారణం మా బాబాయి. గంగావతి దగ్గర ఒక క్యాంపులో ఉంటాడు. క్యాంపు అంటే తెలియనివాళ్లకు రెండు మాటలు. తుంగభద్ర డ్యాం వచ్చి ఎడమ కాలువ పారడం మొదలయ్యాక కోస్తా జిల్లాల రైతులు అక్కడ పొలాలు అమ్ముకుని ఇక్కడ ఎక్కువ ఎకరాలు కొనుక్కున్నారు. గంగావతి, కారటగి, సింధనూరు చుట్టుపక్కల వాళ్లు కట్టుకున్న ఊళ్లే క్యాంపులు. వరిచేలు, రైస్ మిల్లులు, రామాలయం, సంక్రాంతికి ముగ్గులు, అన్నీ మన వైపు ఊళ్లలాగే ఉంటాయి. బాబాయికి ఆ కొండ దూరం నుంచి రోజూ కనబడుతుంది. ఇన్నేళ్లలో ఎక్కింది మాత్రం లేదు. "ఎలుగుబంట్లు ఉంటాయమ్మా, మనకెందుకు" అంటాడు.

వెళ్దామన్న పట్టుదల మాత్రం మా మామయ్యగారిది. ఆయన జీవితమంతా రాళ్ల మధ్యే గడిచింది. చిన్నతనంలో బెంగళూరు చుట్టుపక్కల రాతి పనిలో చేరి, తర్వాత చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో సూపర్‌వైజర్‌గా చేసి రిటైర్ అయ్యారు. ఇప్పుడు మాతో పాటు మారతహళ్లి దగ్గర ఏడో అంతస్తులో ఉంటున్నారు. సాయంత్రం కింద బెంచీల మీద కూర్చునే పెద్దవాళ్లు రాజకీయాలు మాట్లాడుకుంటుంటే, ఈయన లాబీ గోడకు వేసిన గ్రానైట్ పలకల జాయింట్లు సరిగ్గా లేవని చెబుతుంటారు. నేను ఫోన్లో హిరేబెణకల్ ఫొటోలు చూపిస్తే అద్దాలు సవరించుకుని చాలాసేపు చూసి, "అమ్మాయ్, ఈ పైబండ నాలుగు టన్నులకు తగ్గదు. ఎవరు ఎత్తారు?" అన్నారు. ఎవరిని పాతిపెట్టారు అని అడగలేదు. ఆ రోజంతా ఆయన ధోరణి అదే.

మెజెస్టిక్‌లో రాత్రి హంపి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పొద్దున్నే హొసపేటలో దిగుతాం. శుక్రవారం రాత్రి ఈ రైలుకు బెర్తు దొరకడం కష్టం, హంపికి వెళ్లే కుర్రకారంతా ఇందులోనే ఉంటారు, ముందే చేయించుకోవాలి. మేం శనివారం బాబాయి ఇంట్లో విశ్రాంతి తీసుకుని ఆదివారం కొండకు వెళ్లాం. మధ్యలో మామయ్యగారు ఆనెగొంది దగ్గర అంజనాద్రికి వెళ్దామన్నారు, హనుమంతుడు పుట్టిన చోటు కదా అని. మా ఆయన ఊరుకోకుండా, "2021లో టీటీడీ వాళ్లు ఆయన తిరుమలలోనే పుట్టాడని ప్రకటించారు నాన్నా" అన్నాడు. దాంతో బాబాయికీ మామయ్యగారికీ భోజనాల దాకా వాదన నడిచింది. అంజనాద్రి వాయిదా పడింది.

డిసెంబరు నెల. ఎండాకాలంలో ఈ కొండ జోలికి పోవద్దు. వానాకాలంలో బండలు జారుతాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచిదని ఊళ్లోవాళ్లే చెప్పారు. పిన్ని పులిహోర, పెరుగన్నం కట్టిచ్చింది. మనిషికి మూడు లీటర్ల నీళ్లు పెట్టుకున్నాం, ఆ నీళ్లన్నీ అయిపోయాయి కూడా. నిండుగా కప్పే ప్యాంటు, గట్టి బూట్లు ఉండాలి. ముళ్లకంపలు చీరనూ వదలవు, లెగ్గింగ్‌నూ వదలవు. తెల్లవారకముందు ఎక్కకూడదు, సాయంత్రం అయిదు దాటాక పైన ఉండకూడదు. దగ్గర్లోనే దరోజి ఎలుగుబంట్ల అభయారణ్యం ఉంది. ఈ కొండల్లోనూ అవి తిరుగుతాయని అందరూ ఒకే మాటగా చెప్పారు.

గంగావతి నుంచి కొప్పళ వైపు వెళ్లే రోడ్డులో పది కిలోమీటర్ల ప్రాంతంలో ఊరు వస్తుంది. అక్కడ మేకలు కాసే ఒక కుర్రాణ్ణి తోడు తీసుకున్నాం. దారి తెలిసినవాళ్లు లేకుండా వెళ్లవద్దని గట్టిగా చెబుతాను. బండల మీద కొన్నిచోట్ల బాణం గుర్తులు కనబడతాయి గానీ, రెండు గుర్తుల మధ్య ఎటైనా పోవచ్చు. ఊరి చివర కూర్చున్న ఒక పెద్దాయన మా మామయ్యగారి చేతిలో టేపు చూసి, "నిధి నోడక్ బంద్రా?" అని అడిగాడు. నిధి కోసం వచ్చారా అని. నవ్వుతూనే అడిగాడు కానీ చూపులో నవ్వు లేదు. ఎందుకో పైకి వెళ్లాక అర్థమైంది.

ఎక్కడానికి మాకు గంటన్నర పట్టింది. మామయ్యగారి మోకాళ్లు లేకపోతే గంటలో అయ్యేది, అయితే ఆయన లేకపోతే ఈ ప్రయాణానికి అర్థమే లేదు. మొదట తుప్పలు, తర్వాత గుండ్ల మధ్య సందులు, ఆ తర్వాత పరుపుబండలు. దారిలో కుర్రాడు రెండు మూడు చోట్ల పక్కకు తీసుకెళ్లి గుండ్ల కింద ఎర్రరంగు బొమ్మలు చూపించాడు. చేతులు పట్టుకుని ఆడుతున్న మనుషులు, జింకలు, గుర్రం మీద ఆయుధం పట్టుకున్నవాడు. రంగు ఇంకా స్పష్టంగా ఉంది. ఒకచోట ఆ బొమ్మల పక్కనే ఎవడో బొగ్గుతో తన పేరూ, తన ప్రియురాలి పేరూ రాసుకున్నాడు. మన జాతికి ఈ రోగం ఎప్పుడు పోతుందో.

పైకి చేరగానే కనబడేది ఒక్కసారిగా ఆశ్చర్యపరిచే దృశ్యం కాదు. మొదట మోకాలెత్తు రాళ్లు మూడేసి నిలబెట్టి పైన మూత పెట్టిన చిన్న చిన్న గూళ్లు వస్తాయి. పడిపోయినవే ఎక్కువ. కొత్తవాళ్లకు అవి మామూలు రాళ్ల కుప్పల్లాగే ఉంటాయి. మా ఆయన "ఇంతేనా?" అనేశాడు. కొంచెం ముందుకు నడిస్తే కొండ నడినెత్తిన చదును వస్తుంది, అక్కడ మొదలవుతాయి పెద్దవి. మనిషిని మించిన ఎత్తు, కొన్నయితే మూడు మీటర్ల దాకా. నాలుగు వైపులా ఒక్కొక్క పలక, పైన ఇంకో పలక. ముందు పలకకు గుండ్రటి రంధ్రం, మనిషి ముడుచుకుని దూరేంత. అలాంటివి వరసలుగా, ఒక వీధిలా. చిన్నా పెద్దా కలిపి సుమారు 400 కట్టడాలు ఉన్నాయని లెక్క. క్రీ.పూ. 800 నుంచి 200 మధ్య కట్టి ఉంటారని చెబుతారు. ఇనుము వాడకం బాగా తెలిసిన జనం, నలుపు ఎరుపు రంగుల కుండలు చేసుకున్న జనం. మన వైపు ఇలాంటివాటిని రాకాసి గుళ్లు, పాండవుల గుళ్లు అంటారు. ఇక్కడివాళ్లు మోర్యర మనె అంటారు, మోర్యుల ఇళ్లని. మోర్యులంటే పొట్టి మనుషులట, ఆకాశం నుంచి నిప్పుల వాన కురిస్తే ఈ రాతి ఇళ్లలో దాక్కుని కూడా చచ్చిపోయారట. కుర్రాడు ఈ కథ చెబుతూ, "మా తాత నమ్మేవాడు, నేను నమ్మను" అని చివర్లో కలిపాడు.

ఇక మామయ్యగారు. ఆయన ముందు లోపలికి చూడలేదు. ఒక పెద్ద గది చుట్టూ తిరిగి పలక అంచు మీద బొటనవేలు పెట్టి రుద్దారు. "ఇది ఉలితో చెక్కింది కాదు, లేపింది" అన్నారు. కొండ మీద బండ ఎండకు వేడెక్కి, రాత్రి చల్లారి, ఏళ్ల తరబడి పొరలు పొరలుగా విడుతుంది. ఉల్లిపాయ పొరలాగా అన్నమాట. విడిన పొర ఎక్కడుందో చూసుకుని అంచున మేకులు దించి, గునపాలతో పైకి లేపితే, రెండు వైపులా చదునుగా ఉన్న పలక దానంతటదే వస్తుంది. ఉలి పని పలక అంచులు సరిచేయడానికీ, ఆ రంధ్రం తొలచడానికీ మాత్రమే. ఒక పలకను టేపుతో కొలిచారు. మూడు మీటర్ల పొడవు, రెండున్నర వెడల్పు, మందం జానెడుకు కొంచెం తక్కువ, ఇరవై సెంటీమీటర్లు అనుకుందాం. "క్యూబిక్ మీటరు గ్రానైటు రెండున్నర టన్నుల పైమాటే. ఇది నాలుగు టన్నులు. ఫొటో చూసి నేను చెప్పలేదూ?" అన్నారు. ఆ గర్వం చూడాలి.

తర్వాత ఆయన చెప్పిన సంగతి నన్ను ఎక్కువగా పట్టుకుంది. యువకుడిగా ఆయన బెంగళూరు దగ్గర క్వారీల్లో చేరినప్పుడు పాతకాలం పనివాళ్లు ఇంకా మంటతో బండ లేపేవాళ్లట. బండ మీద సన్నగా ఒక వరసలో కట్టెలు పేర్చి నిప్పు పెడతారు. మంట ముందు నిలబడి సుత్తితో బండను కొడుతూ చప్పుడు వింటారు. గట్టిగా ఖంగుమంటే కింద ఇంకా అంటుకుని ఉన్నట్టు. చప్పుడు బోలుగా మారితే అక్కడిదాకా పొర విడినట్టు. అప్పుడు మంటను కొన్ని అంగుళాలు ముందుకు జరుపుతారు. మళ్లీ సుత్తి, మళ్లీ వినడం. ఇలా ఒక పెద్ద హాలంత పొరను ఒకేసారి లేపేవాళ్లు. ఇది ఆయన గొప్పలకు చెప్పింది కాదు. ఇంటికొచ్చాక వెతికితే, 19వ శతాబ్దం చివర్లో బెంగళూరు దగ్గర ఇలాగే అరవై అడుగుల పొడవు, నలభై అడుగుల వెడల్పు, అరడుగు మందం పలకలు తీసేవారని బ్రిటిష్ కాలపు రాతల్లో ఉంది. హిరేబెణకల్‌వాళ్లు మంట వాడారో, ఎండ చేసిన పగుళ్లనే నమ్ముకున్నారో మామయ్యగారు తేల్చలేదు. "మసి రెండున్నర వేల ఏళ్లు ఉండదు కదా" అన్నారు. కానీ కొట్టి వినే పని మాత్రం వాళ్లకు తెలిసే ఉంటుందని ఆయన నమ్మకం.

గదులు కట్టిన తీరు కూడా ఆయనే విప్పి చూపించారు. కొన్నింటికి పునాది గొయ్యే లేదు, పరుపుబండ మీదే నిలబెట్టేశారు. పక్క పలకల మధ్య వెనక పలక ఇరుక్కుని ఉంటుంది, అడుగున చిన్న రాళ్లు కూరి ఉంటాయి, పైబండ బరువే అన్నిటినీ కదలకుండా తొక్కిపడుతుంది. సున్నం లేదు, మట్టి లేదు. 1947లో బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త మోర్టిమర్ వీలర్ తవ్వించిన బ్రహ్మగిరిలో ఇంకో తెలివి ఉందని నేను చదివిన సంగతి చెప్పాను. మన రాయదుర్గం అవతల, మొళకాల్మూరు దగ్గర ఉందది. అక్కడ నాలుగు పలకల్లో ప్రతిదీ ఒక చివర పక్కదాన్ని దాటి ముందుకు పొడుచుకొస్తుంది, పైనుంచి చూస్తే స్వస్తిక్‌లా ఉంటుంది. చుట్టూ ఉన్న మట్టి లోపలికి నెట్టినా ఒకదాన్నొకటి పడనివ్వవు. మామయ్యగారు నేల మీద పుల్లతో గీసుకుని చూసి తలూపారు. "దీనికి లెక్క తెలిసిన మేస్త్రీ కావాలి. రాజు ఎవడైనా సరే, మేస్త్రీ మాత్రం ఉండి తీరాలి."

లోపల ఏముంది అంటే, ఏమీ లేదు. గబ్బిలాల వాసన, ఎండుటాకులు. బ్రహ్మగిరి లాంటి చోట్ల గదుల్లో ఎముకలు, కుండలు, ఇనుప సామాను దొరికాయి. ఒక్కో గదిలో ఒకరికి మించి మనుషుల ఎముకలు కూడా కనబడ్డాయి. శవాన్ని వేరేచోట ఉంచి, తర్వాత ఎముకలు ఏరి తెచ్చి పెట్టేవారని అందుకే అంటారు. ఇక్కడ కనబడే గదుల్లో చాలావాటిని నిధుల కోసం ఎవరెవరో ఎప్పుడో ఖాళీ చేసేశారు. పైబండ పక్కకు తోసి, నేల తవ్వి వదిలేసిన గుంటలు స్పష్టంగా కనబడుతున్నాయి. కింద ఆ పెద్దాయన టేపు చూసి ఎందుకు అలా అడిగాడో అప్పుడు తెలిసింది. ఈ గదుల్లో బంగారం ఉంటుందని చెప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. నాలుగు టన్నుల రాయిని అంత కష్టపడి నిలబెడితే, దాన్ని గునపంతో పడగొట్టి లోపల పెంకు కుండ చూసి ఉమ్మేసి పోయినవాళ్లు వాళ్లు.

సమాధుల పక్కనే బండలో పెద్ద నీటి గుంట ఉంది. డిసెంబరులోనూ నిండుగా ఉంది. పలకలు తీసిన చోటే గుంటగా మారి, వాన నీళ్లు నిలిచి చెరువయిందని చదివాను. మామయ్యగారు అంచులు చూసి, "అవును, ఇది క్వారీనే" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. పని చేసేవాళ్లకు రాయి అక్కడే, నీళ్లూ అక్కడే. ఆ ఒడ్డున కూర్చుని పులిహోర తిన్నాం.

తిన్నాక నగారా. ఒక ఎత్తయిన గుండు మీద బోర్లించిన డోలులాంటి పెద్ద రాయి ఉంటుంది, రెండు మీటర్ల ఎత్తు ఉంటుందని చెబుతారు. గుండు పైకి మేం ఎక్కలేదు. కుర్రాడు మాత్రం చెప్పులు విడిచి బల్లిలా పాకి వెళ్లి, చేతికందిన రాయితో కొట్టాడు. రాయిని రాయితో కొడితే టక్ మనాలి కదా. ఇది మోగింది. కిలోమీటరు దూరం వినబడుతుందని అన్నారు, మేం దూరం వెళ్లి పరీక్షించలేదు గానీ నమ్మడానికి ఇబ్బంది లేదు. ఎవరినో పిలవడానికా, చావు కబురు చెప్పడానికా, జంతువులను బెదిరించడానికా, ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతారు. మామయ్యగారు మాత్రం కుర్రాణ్ణి దిగనివ్వకుండా ఇక్కడ కొట్టు, అక్కడ కొట్టు అని నాలుగైదు చోట్ల కొట్టించి విన్నారు. "ఒక్క పగులు లేదురా ఇందులో" అన్నారు కన్నడ రాని మనిషి తెలుగులోనే. కుర్రాడికి అర్థమైనట్టే ఉంది, పైనుంచి బొటనవేలు చూపించాడు.

కొండ దిగేటప్పుడు పైకి వస్తున్న ఒక గుంపు ఎదురైంది. బెంగళూరు నుంచే, అందులో ఇద్దరు మన తెలుగు పిల్లలు. కెమెరా కర్రలు, డ్రోను. పైబండ మీదికెక్కి వీడియో తీసుకుంటాం అంటుంటే మామయ్యగారు దారికడ్డంగా నిలబడి, "దాని కింద కూరిన రాయి ఒక్కటి కదిలితే పలక మీ మీదికే వస్తుంది నాయనా, సిమెంటు లేదు అక్కడ" అని చెప్పారు. పాతకాలం పవిత్రత, వారసత్వం అని ఉపన్యాసం ఇచ్చి ఉంటే వినేవాళ్లు కాదేమో. ఇది విన్నారు. ఈ చోటు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ కట్టడాల తాత్కాలిక జాబితాలోకి కూడా వెళ్లింది. టికెట్టు లేదు. మేం ఉన్నంతసేపూ పైన కాపలా మనిషి ఎవరూ కనబడలేదు.

ఇలాంటివి బెంగళూరుకు దగ్గర్లోనూ ఉన్నాయి. మాగడి వైపు సావనదుర్గ చుట్టూ ఉన్నాయి, విమానాశ్రయం దారిలో చిక్కజాల దగ్గరా ఉండేవి. హొసకోటె అవతల జడిగేనహళ్లిలో 1957లో శేషాద్రి అనే ఆయన తవ్వి చూశారు. మనం రోజూ ట్రాఫిక్‌లో తిట్టుకుంటూ వెళ్లే దారులే. కానీ కొండ మీద ఊరంత వరసగా ఇంకా నిలబడి ఉన్నవి చూడాలంటే హిరేబెణకల్‌కే వెళ్లాలి. చిన్నపిల్లలతో వద్దు. పదేళ్లు దాటిన పిల్లలు బాగానే ఎక్కుతారు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు చేతికర్ర తీసుకుని, దిగడానికి ఎక్కడానికన్నా ఎక్కువ టైమ్ పెట్టుకోవాలి.

ఆ రాత్రి భోజనాల దగ్గర నాలుగు టన్నుల పైబండ పైకి ఎలా వెళ్లిందన్న సంగతి వచ్చింది. బాబాయి రైతు కదా, మట్టి కట్ట పోసి, దుంగల మీద దొర్లిస్తూ ఎద్దులతో లాగి ఉంటారని ఆయన లెక్క. "ఎద్దులు ఆ కొండెక్కుతాయా బావగారూ? అంత మట్టి పైకి ఎక్కడి నుంచి మోస్తారు?" అని మామయ్యగారు. ఆయన పద్ధతిలో అయితే ఒక చివర గునపాలతో నాలుగు వేళ్ల ఎత్తు లేపి కింద రాళ్లు పెట్టాలి, రెండో చివర లేపి మళ్లీ పెట్టాలి, అలా రాళ్ల మెట్టు పెంచుకుంటూ పోయి చివరికి పక్కకు జరపాలి. పదిహేను ఇరవై మంది చాలంటారు. బాబాయి ఒప్పుకోలేదు. పిన్ని గిన్నెలు తీసేసినా ఇద్దరూ లేవలేదు. మామయ్యగారు ఉప్పు డబ్బా, అగ్గిపెట్టెలు, పీట పెట్టి చూపిస్తుంటే, బాబాయి పీట కింద చెయ్యి పెట్టి, "మరి ఇక్కడ పట్టు తప్పితే?" అని అడుగుతున్నాడు. వచ్చే ఏడాది బాబాయి కూడా మాతో కొండెక్కుతానన్నాడు, మామయ్యగారి లెక్క తప్పని నిరూపించడానికి.